అడగగానే నొప్పి చెప్పే పేషెంటు

కిందటి ఏడు ఫిబ్రవరిలో నాకు గోదావరిఖనిలో ఎముకల వార్డు డ్యూటీ పడింది. వార్డు ఆయాగా అదే నా ఆఖరి పోస్టింగు. దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్లు అందించడం నా పని. కొత్తగా కట్టు వేసిన కాలైతే వేళ్లు చూడడం కూడా పెద్ద సిస్టరు నాకు నేర్పింది. అవి నీలంగా మారితే కట్టు బిగిసినట్టు; వెంటనే చెప్పాలి.

మందమర్రి పిల్ల శ్రావణి అక్కడికి ట్రైనింగుకు వచ్చేది. యూనివర్సిటీలో నర్సింగ్ ఆఖరి సంవత్సరం. జర్మనీ ఉద్యోగానికి ఆ భాషలో మాట్లాడే పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోది శుక్రవారం. ఇదీ పోతే తోటివాళ్లతో వెళ్లే అవకాశం లేదు. ఆ కంగారులో ఆమె కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. ఖాళీ దొరికితే చాలు, ఫోన్‌లోని ఏఐని పేషెంటుగా నటించమని చెప్పి, జర్మన్‌లో ప్రశ్నలు వేసేది.

బుధవారం మూడో మంచం మీద రాజయ్య ఉన్నాడు. గనిలో బండ పడి కాలు విరిగితే పొద్దున్నే కట్టు వేశారు. అతని షిఫ్టువాళ్లు నలుగురు చూడడానికి వచ్చారు. శ్రావణి ఫోన్‌తో జర్మన్‌లో మాట్లాడుతూనే ఆ మంచం దగ్గరికి వచ్చింది.

"ఫోన్ల ఎవరు బిడ్డా, నీ చుట్టమా?" అన్నాడు రాజయ్య.

"జర్మనీ ముసలాయన కాకా. మోకాలు గుంజుతాందట."

"అడగంగనే చెప్పిండా? అయితే బొగ్గుబాయిల పనిజేసినోడు గాదు!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. శ్రావణి అదే ఊపులో, "మరి నీకెట్లుంది కాకా, నొప్పున్నదా?" అంది. "ఏం లేదు" అన్నాడు. నొప్పి లేదని ఆమె రాసుకుంది. ఫోన్‌లోని ముసలాయన ఇంకేమంటాడో విందామని, దుప్పటి ఎత్తి వేళ్లు చూడకుండానే ఆమె వెంట నాలుగో మంచానికి పోయాను.

అక్కడ దుప్పటి మారుస్తున్నానే గానీ మనసు నిలవలేదు. రాజయ్య నవ్వినంతసేపూ మంచం కమ్మి వదల్లేదు. వెనక్కి పోయి చూస్తే వేళ్లు నీలంగా, చల్లగా ఉన్నాయి. సిస్టర్‌ను కేకేశాను. డాక్టరు వచ్చి కట్టు చీల్చాడు.

"దోస్తుల ముంగట ఎట్ల చెప్తనక్కా?" అన్నాడు రాజయ్య, ఊపిరి తీసుకుంటూ.

కాలు దక్కింది. ఆ సాయంత్రం శ్రావణి ఫోన్‌తో, "నువ్వు బొగ్గుబాయి కార్మికునివి. ఎంత నొప్పున్నా ఏం లేదనాలె" అని చెప్పింది. ఎన్నిసార్లు అడిగినా అది 'ఏం లేదు' అనే అంది. "ఇప్పుడేమడగాలె అవ్వా?" అంది నాతో.

"అడుగుడు ఆపు బిడ్డా. వేళ్లు కదిలియ్యమను."

ఆ మాట జర్మన్‌లో నేర్చుకుంది. పరీక్ష పాసైంది.

'ఏం లేదు' అన్నంతమాత్రాన వేళ్లు చూడకుండా మంచం దాటొద్దని కొత్త ఆయాలకు ఏళ్లుగా చెప్పినదాన్ని నేను. చెప్పేవాళ్లు కూడా దాటుతారని ఆ బుధవారం తెలిసింది.