అక్క తవ్వించిన గుంట

కోల్‌కతా న్యూ టౌన్‌లో మా అక్క వేదవతి ఉండే అపార్ట్‌మెంటు మెట్ల ముందు వానాకాలమంతా నీళ్లు నిలిచేవి. అందరూ బట్టలు ఎత్తి పట్టుకుని దాటేవాళ్లు. అక్క మాత్రం ఆగి చూసేది. నీళ్లలో ఎండుటాకు వదిలి, అది ఎటు పోతే అటు నడిచేది. డాబా మీది నీళ్లన్నీ ఒకే గొట్టంలోంచి వచ్చి మెట్ల దగ్గర పడుతున్నాయని అలాగే కనిపెట్టింది.

ఆ గొట్టం కింద గుంట తవ్వించింది. అడుగున కంకర, దాని మీద ఇసుక, ఆపైన గుల్ల మట్టి. మట్టిలో మెట్టతామర, వట్టివేరు నాటింది. నీళ్లు వాకిట్లో నిలవకుండా నేలలోకి ఇంకిపోవాలని ఆమె ఆశ. సెక్రటరీ దత్తా బాబుకు అది దోమల తొట్టిలా కనిపించింది. కిందటేడు ఆయన మనవడికి డెంగ్యూ వచ్చింది. ఆయన భయం ఆయనది. పెద్దవాన వెలిసిన మర్నాటికి నీళ్లు ఉంటే సిమెంటుతో పూడ్పించేస్తానన్నాడు. అక్క ఒప్పుకుంది గానీ, ఆ రోజు నుంచి మబ్బు పడితే ఆమెకు అన్నం సయించేది కాదు.

మా తెనాలిలో గుంట అంటే గొయ్యి. అక్క వాళ్ల అపార్ట్‌మెంటు ఊడ్చే రామమ్మ కోల్‌కతాలోనే పుట్టినా, ఇంటి భాష శ్రీకాకుళం వైపుది. ఆమెకు గుంట అంటే ఆడపిల్ల. మనవరాలిని అలాగే పిలిచేది.

పెద్దవాన ఒక పగలంతా కురిసి వెలిసింది. నేనప్పుడు అక్క ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే కింద నుంచి రామమ్మ పిలిచింది.

"అమ్మా, గుంట మొత్తం తాగీసినాదమ్మా."

అక్క చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. "ఏం తాగిందే? ఫినాయిలా?"

"ఫినాయిలేటమ్మా? వాన నీళ్లు. తాగింది మీ గుంట. నా గుంట బడికెళ్లిపోనాది."

అక్క అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వింది. దత్తా బాబు వచ్చి గొడుగు మొనతో మట్టిని పొడిచి చూశాడు. తడి ఉంది, నీళ్లు లేవు. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, గుంట అంటే ఈ గొయ్యే కాదు, ఖుకీ, అంటే చిన్నపిల్ల కూడా అని రామమ్మ బెంగాలీలో చెప్పింది. సిమెంటు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

"నేల కింద ఎంత దూరం పోతాయిరా ఇవి?" అని అక్క నన్నడిగింది.

అక్క పోయాక ఇది మొదటి వానాకాలం. బావను చూడ్డానికి వచ్చి, గొట్టం దగ్గర నిలబడ్డాను. మెట్టతామరల మొదట్లో బుడగలు లేచి పగులుతున్నాయి. ఒక ఎండుటాకు వదిలాను. అది ఎటూ పోకుండా, ఉన్నచోటే నీళ్లతో పాటు మెల్లగా కిందికి దిగుతోంది.

దత్తా బాబు గొడుగుతో వచ్చాడు. ఖుకీ తాగిందా అని అడిగాడు.

ఇంకా తాగుతోందన్నాను.