వట్టి సాలులో నవ్విన పెదనాన్న

మా అడ్డరోడ్డులో పురుగుమందుల కొట్టు నడిపే పెద్దమనిషి, చనిపోయిన మనిషి చేత అబద్ధం చెప్పిస్తున్నాడు. నేను ఊరికే నింద వేయడం లేదు. వెళ్లి చూడండి, పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద రంగుల్లో ఉంది.

పెదనాన్న పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. పొద్దున్నే మిరపనారు చూడటానికి వెళ్లి, గట్టు మీద కూర్చుని, ఇక లేవలేదు. పక్క చేలో ఉన్న మా నాన్న "అన్నయ్యా, టీ తెచ్చా" అని రెండుసార్లు పిలిచి, మూడోసారి ఆయన్ని పిలవకుండా నాకు ఫోన్ చేశాడు. "నువ్వు రా. అరవమాక, ఊరికే రా" అన్నాడు. నేను అరవలేదు. ఆ రోజు అరవడానికి ఎవరి మీదా కారణం దొరకలేదు.

సొంత పెదనాన్న కాదు. ఆయన చేనుకీ మా చేనుకీ మధ్య ఒకటే గట్టు. వరస ఆ గట్టు మీదుగా వచ్చింది. దినకర్మలన్నీ అయ్యాక, బంధువులు వెళ్లిపోయిన మర్నాడు లేచింది ఆ ఫ్లెక్సీ. పైన "అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు. కింద మిరపచేలో నిలబడి నవ్వుతున్న పెదనాన్న. ఆయన భుజం పక్కన గాలిలో తేలుతూ, ఆయనంత ఎత్తు మందు సీసా. సీసా కింద, ఆయనే అన్నట్టుగా, "నా చేనుని కాపాడిన మందు ఇదే!" అని ఒక మాట. అన్నిటికంటే అడుగున "శోకతప్త హృదయాలతో" అని కొట్టు పేరు, దాని పక్కనే "ఆఫర్ స్టాకు ఉన్నంత వరకే" అని.

ఆయన ఆ మాట అనలేదు. అనడు. ఎందుకు అనడో తెలియాలంటే మీకు వట్టి సాలు గురించి తెలియాలి. మా ఊరివాళ్లకి తెలుసు. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కోసం రాస్తున్నాను.

పెదనాన్న ఏ చేను వేసినా, పత్తి గానీ మిరప గానీ, గట్టు పక్కనున్న మొదటి సాలు వట్టిగా వదిలేసేవాడు. విత్తనం అదే, నీళ్లు అవే, ఎరువు అదే. మందు మాత్రం కొట్టడు. చేనంతా కొట్టుకుంటూ వచ్చి ఆ సాలు దగ్గర పంపు ఆపేస్తాడు. పొరపాటున ఎవరూ కొట్టకుండా ఆ సాలు మొదట్లో ఒక కర్ర పాతి, దానికి తెగిపోయిన చెప్పు ఒకటి వేలాడదీసేవాడు. దారిన పోయేవాళ్లు దిష్టి కోసం కట్టాడనుకునేవారు. "దిష్టికి కాదురా, తూకానికి" అనేవాడు. మందు కొట్టిన సాలు ఎట్టా ఉందో తెలియాలంటే కొట్టని సాలు పక్కన ఉండాలి కదా అని ఆయన వాదన. నేను కరపత్రాల్లో, చిన్న చిన్న పుస్తకాల్లో శాస్త్రీయ దృక్పథం అని చదివింది ఇదేనని ఒకసారి ఉత్సాహంగా చెప్పాను. "దానికి పేరు కూడా పెట్టారా?" అని ఆశ్చర్యపోయాడు.

ఊరు మొదట్లో నవ్వింది. "ఏందయ్యా, ఆ సాలు పురుగులకి దానం రాసిచ్చావా?" అని అడిగేవాళ్లు. "వాటికీ పిల్లాజెల్లా ఉన్నారుగా" అనేవాడు. తర్వాత తర్వాత, కొత్త మందు కొనేముందు ఆయన గట్టు మీదికి వచ్చి రెండు సాళ్లూ చూసుకుని వెళ్లడం మొదలుపెట్టారు. మందు పనిచేస్తే పనిచేసిందని చెప్పేవాడు, చెయ్యకపోతే చెయ్యలేదని. ఏదైనా ఒకే గొంతుతో చెప్పేవాడు. కంపెనీల వాళ్లు మా ఊరు వస్తే ముందు ఆయన ఉన్నాడా లేడా అని కనుక్కుని వచ్చేవాళ్లు.

ఈ జబ్బు చేనుతో ఆగలేదు. మోకాళ్ల నొప్పులకి డాక్టరు పూతమందు ఇస్తే కుడి మోకాలికి మాత్రమే రాశాడు. నెలరోజులు కుంటుకుంటూ తిరిగి, చివరికి "రెండూ ఒకేలాగా తగ్గాయి" అని తేల్చాడు. దసరాకి రెండు బోరు మోటార్లుంటే ఒకదానికే కొబ్బరికాయ కొట్టాడు. ఆ వారంలోనే కాయ కొట్టిన మోటారు కాలిపోయింది. పెద్దమ్మ నెత్తీనోరూ బాదుకుంటే, "ఒక్కసారికి తేల్చకూడదు, వచ్చే ఏడు ఆ రెండోదానికి కొడదాం" అన్నాడు. పెద్దమ్మ తమ్ముడి కూతురి పెళ్లికి అందరూ కలిసి బలవంతంగా మీసానికి రంగు వేయిస్తే, ముందు ఎడమవైపు సగమే వేయించుకుని ఒక రాత్రి ఆగాడు. తెల్లారేసరికి ఎడమవైపు పెదవి వంకాయలా వాచింది. "చూశారా? మొత్తం వేసుంటే ఏమయ్యేది?" అని మంటపంలో ప్రతి ఒక్కరినీ ఆపి చూపించాడు. పెళ్లి ఫొటోలన్నిటిలోనూ కండువా మూతికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అది పెద్దమ్మ ఆజ్ఞ.

నన్నూ వదల్లేదు. నేను ఎక్కడో ఒక చిన్న పుస్తకం చదివి, కంపెనీల దోపిడీకి జవాబు వేపాకు, వెల్లుల్లి కషాయమేనని రెండు గంటలు ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా విన్నాడు. "ఇందులో నల్ల తామర గురించి ఏమన్నా రాశారా?" అని అడిగాడు. మిరప పూతని తినేసే ఆ పురుగు ఊళ్లకి ఊళ్లని ఏడిపించిన ఏడాది అది. రాశారన్నాను. మూడు సాళ్లు నాకు వదిలాడు. పది రోజులు కషాయం కాచి కొట్టాను. మా ఇల్లంతా వెల్లుల్లి కంపు. పదకొండో రోజు నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి, నా మూడు సాళ్లనీ వట్టి సాలునీ చూపించాడు. తేడా లేదు. పురుగు రెండుచోట్లా హాయిగా ఉంది.

"నీ పుస్తకం ఇవి చదవలేదురా" అన్నాడు.

నాకు ఒళ్లు మండి, నువ్వు కంపెనీల వైపు మాట్లాడుతున్నావని అరిచాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఎవడి వైపూ కాదు. పోయినవారం కంపెనీవాడు ఇదే గట్టు మీద నిలబడి నన్ను నీ వైపన్నాడు" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. కోపం మాత్రం అప్పుడే పోయింది, ఎందుకంటే పెద్దమ్మ జొన్నరొట్టె, పండుమిరప పచ్చడి తెచ్చింది.

ఇక ఫ్లెక్సీలోని ఫొటో సంగతి. అది తీసినప్పుడు గట్టుకి ఇవతల నేనున్నాను. పోయిన ఏడాది మందు కంపెనీ మనిషి ఒకాయన, ఇన్‌షర్టూ నల్లకళ్లద్దాలూ, కొట్టు యజమానిని వెంటబెట్టుకుని వచ్చాడు. అంతకుముందు వాళ్లు ఉచితంగా ఇచ్చిన మందుని పెదనాన్న రెండు సాళ్లకి కొట్టి ఉన్నాడు. ఆ ఏడు దేవుడి దయవల్ల పురుగే రాలేదు. కొట్టిన సాళ్లూ, కొట్టని సాలూ అక్కచెల్లెళ్లలా కళకళలాడుతున్నాయి. కంపెనీ ఆయన బూట్లకి బురద అంటకుండా గట్టు దిగకుండానే, పక్కనున్న మొదటి సాలు చూపించి, "అబ్బ! చూశారా పెద్దాయనా, మా మందు పవరు! ఇక్కడ నిలబడండి, ఒక్క ఫొటో" అన్నాడు.

అది వట్టి సాలు.

పెదనాన్న నాకేసి చూశాడు. నేను ఆయనకేసి చూశాను. సీసా పట్టుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సాలులో నిలబడమంటే మాత్రం బుద్ధిగా వెళ్లి నిలబడ్డాడు. కంపెనీ ఆయన మొక్కని నిమురుతూ "ఈ ఆకు మెరుపు చూడండి, ఇది మా మందు కొట్టిన ఆకే, ఎక్కడున్నా గుర్తుపడతా" అన్నాడు. అప్పుడు నవ్వాడు పెదనాన్న. పళ్లన్నీ కనపడేలా, కళ్లు మూసుకుపోయేలా. ఫొటో అప్పుడు పడింది.

వాళ్లు వెళ్లాక, చెప్పొచ్చుగా అని అడిగాను. "అడగలేదుగా" అన్నాడు.

ఫ్లెక్సీలో సీసాని తర్వాత కంప్యూటర్లో అతికించారు. దాని వెనక, నిదానంగా చూస్తే, కర్ర మీద తెగిన చెప్పు కనపడుతుంది. కొట్టు యజమాని దాన్ని దిష్టి చెప్పు అనుకుని ఉంచేశాడు. వ్యాపారానికి మంచిదని.

నవ్వొచ్చే విషయమే. మూడు రోజులు నేనూ నవ్వాను. నాలుగోరోజు కల్వర్టు దగ్గర, పక్క ఊరి రైతు ఒకాయన బండి ఆపి మా నాన్నతో అన్నాడు: "మీ పెద్దాయన వాడిన మందేనంటగా, నేనూ తీసుకున్నా. ఆయన చెప్పాడంటే ఇక చూసుకునేదేముంది." బండికి సంచి వేలాడుతోంది. ముప్పై ఏళ్లపాటు, ఒక్కో సాలు నష్టపోతూ పెదనాన్న సంపాదించింది ఆ ఒక్క మాట: ఆయన చెప్పాడంటే నిజం. ఆ మాటనే కొట్టువాడు సీసాలో పోసి అమ్ముతున్నాడు. ఇప్పుడు నాట్లు పడుతున్నాయి. ఇంకో నెలలో మందు కొట్టడం మొదలవుతుంది.

కొట్టుకి వెళ్లాను. నిలదీశాను.

"తమ్ముడూ, పోయినాయన్ని గౌరవించాం. తప్పా?" అన్నాడు.

"ఆయన అనని మాట ఎట్టా రాశావయ్యా?"

"నవ్వుతున్నాడా లేదా? మందు పనిచెయ్యకపోతే రైతు నవ్వుతాడా?"

నేను చదివినవాటిలోంచి రెండు మూడు పెద్ద మాటలు వాడాను. అతను కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. మిర్చి సీజను అయ్యాక తీసేస్తానన్నాడు. మజ్జిగ తాగకుండా లేచి వచ్చాను. ఎండకి నోరెండిపోయింది, అయినా తాగలేదు.

ఇంటికెళ్లి కొడవలి తీసుకుని నేరుగా అడ్డరోడ్డుకి వెళ్లాను, చింపేద్దామని. ఫ్లెక్సీకి ఎదురుగా కల్వర్టు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది.

"ఏంది పెద్దమ్మా, ఇక్కడ కూర్చున్నావు?"

"ఆయన్ని చూస్తన్నా."

రోజూ వస్తోందట. ఇంట్లో ఆయన ముఖం కనపడే ఒకే ఒక్క ఫొటో ఆధార్ కార్డుది. అందులో ఆయన దొంగతనంలో పట్టుబడినవాడిలా ఉన్నాడు. దానికి దండ వేస్తే దండకే జాలేస్తోంది అంది. పెళ్లి ఫొటోల్లో కండువా. మిగతావాటిలో వీపు.

"ఇంత నవ్వు నేను కాపురం మొత్తంలో నాలుగుసార్లు చూశానేమోరా. అందులో రెండు నేను కింద పడ్డప్పుడు."

"అది అబద్ధం ఫ్లెక్సీ పెద్దమ్మా. ఆయన పరువు తీస్తన్నారు. చింపేస్తా."

"చింపమాక."

"ఊరోళ్లు మోసపోతన్నారే!"

"నీ కోపం సీసా మీదా, ఆయన మీదా?"

సీసా మీదే అన్నాను.

"మరి ఆయన్నెందుకు చింపటం? చుట్టూ కోసుకొద్దాం. ఆయన్ని మనం తెచ్చుకుందాం. సీసా వాడికే వదిలేద్దాం." కొడవలి నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. "దీంతో కాదు. కత్తెర నా దగ్గరుంది."

నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఇంత మంచి తీర్మానం లేదు.

కాబట్టి, అన్ని ఊళ్ల రైతులకీ తెలియజేయునది ఏమనగా: మా పెదనాన్న ఆ మందు మంచిదని చెప్పలేదు, చెడ్డదనీ చెప్పలేదు. ఆ ఏడు పురుగు రాలేదు కాబట్టి తేలలేదు. ఫ్లెక్సీలో ఆయన నిలబడింది మందు కొట్టని సాలులో. మీరు కొన్నవాళ్లైతే మొదటి సాలు వట్టిగా వదిలి మిగతాది కొట్టండి, తేడా మీరే చూసుకోండి. తేడా ఉంటే వచ్చి నాతో చెప్పండి, ఆ మాటా ఇట్లాగే అచ్చు వేసి పంచుతాను. ఈ కాగితం ఒకటి కొట్టు యజమానికి కూడా స్వయంగా ఇస్తున్నాను. దొంగచాటుగా చేసే పని కాదిది. ఆయన కావాలంటే మజ్జిగతో రావచ్చు.

ఒక్కటే ఇబ్బంది. నిచ్చెన నేనెక్కుతానంటే పెద్దమ్మ ఒప్పుకోవడం లేదు. కోపంలో నా చెయ్యి నిలకడగా ఉండదట, ఆయన చెవి కోసేస్తానట. తనే ఎక్కి, తన చేత్తోనే కోస్తానంటోంది. ఊళ్లో పెద్దలూ నేనూ చెప్పి చూశాం, వినలేదు. అందుకని కింద నిచ్చెన కదలకుండా పట్టుకోవడానికి బలమైన మనుషులు కావాలి. ఆదివారం పొద్దున ఏడింటికి, అడ్డరోడ్డు కల్వర్టు దగ్గరికి రండి. ఆలస్యం చెయ్యకండి. మనం వచ్చినా రాకపోయినా ఏడింటికి ఆమె ఎక్కేస్తుంది.