చివరి పదకొండు సెకన్లు

మొన్న వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో నా పక్కాయన ఎవరిదో వాయిస్ మెసేజ్ స్పీకరులో పెట్టి, సగం వినగానే ఆపేసి, ఇంకెవరికో పంపేశాడు. మిగతా సగంలో ఏముందోనని విరించిపురం దాటేదాకా నాకు మనసు నిలవలేదు. ఈ జబ్బు నాకు అంటించింది కమలమ్మగారు.

ఆమె గుడియాత్తంలో లాయరు. నేను ఆమె గుమాస్తాను, అంటే కేసు కట్టలు మోసేవాణ్ని. జోకులు ఉచితం. ఆమె కక్షిదారులంతా కట్టడం పనివాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది తమిళం. తెలుగు రాయడం చాలామందికి రాదు కాబట్టి గోడు ఏదైనా వాయిస్ మెసేజే. ఆమె కళ్లు మూసుకుని ప్రతిదీ చివరిదాకా విని, ఆ తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకునేవారు.

“దగ్గు కూడా రాస్తారా అమ్మా?” అని అడిగాను ఒకసారి.

“దగ్గినోడు మనిషే కదప్పా!”

సెంట్రింగు పనిచేసే మునుసామి బావమరిది, కాంట్రాక్టరు వేయించిన పుచ్చిన పరంజా పలక విరిగి కిందపడ్డాడు. ఆ కోపంలో మునుసామి పనివాళ్ల గ్రూపులో, “ఆ కాంట్రాక్టరు షెడ్డుకు అగ్గి పెట్టాల!” అని అరిచాడు. మా నాన్న మేస్త్రీ, అందుకని నేనూ ఆ గ్రూపులో ఉన్నాను. ఆ అరుపు నాకు విలన్ డైలాగులా వినిపించింది. చివరి పదకొండు సెకన్లు కోసేసి, వెనకాల డప్పు కలిపి, మూడు గ్రూపులకు పంపాను. మర్నాడు ఎవరో నిజంగానే షెడ్డు తగలబెట్టారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నా హాస్యానికి అంత స్పందన అంతకుముందెన్నడూ రాలేదు.

పోలీసులు మునుసామిని పట్టుకుపోయారు. భయంతో అందరూ అసలు మెసేజ్ చెరిపేసుకున్నారు. కమలమ్మగారు నేను కోసిన ముక్కనే మూడుసార్లు విన్నారు.

“ఇంకేమో చెప్పేదానికి ఊపిరి పీల్చినాడు. ఆ మాట యాడికి పోయిందప్పా?”

జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు. “నా ఫోన్లో ఉండాదమ్మా” అన్నాను.

అసలు మెసేజ్‌లో ఆ అరుపు తర్వాత మునుసామి గొంతు దిగింది: “అట్ల అనిపిస్తాది. పెడితే కాలేది మన పనిముట్లే. ఎవురూ యేం చేయొద్దండప్పా. పొద్దున లాయరమ్మ కాడికి పోదాము.”

“యాల కోసినావు?”

“అది ఉంటే నవ్వు రాదమ్మా.”

ఆమె తిట్టలేదు. “ఫోను తీసుకుని స్టేషనుకు పో. నువ్వు వేరే లాయరును చూసుకో నాయనా. నేను మునుసామి తట్టు.”

గుడియాత్తం కోర్టులో తప్పు ఒప్పుకున్నాను. చదువుకున్న కుర్రాడు, మొదటి తప్పు అని మందలించి వదిలేశారు. మునుసామికి మాత్రం ఆరు నెలలు. నేరానికి అతని మాటల్లో మొదటి సగమే చాలునన్నారు. అతనిదీ మొదటి తప్పే, చదువొక్కటే లేదు.

బయట కమలమ్మగారు నన్ను చూసి, “నీకు తక్కువ పడిందని నాకు కడుపుమంట లేదప్పా. ఆ తక్కువే వానికీ కావాల” అన్నారు.

వేలూరులో అప్పీలుకు నా తీర్పునే పట్టుకెళ్లారు. కోపంలో అన్న మాట నేరమో కాదో తేల్చే ముందు ఆ మాటను పూర్తిగా వినమని జడ్జిని అడిగారు. నేరమే అయితే, కోసినవాడికీ అన్నవాడికీ ఒకే తూకం వేయమన్నారు. మునుసామిని కూడా మందలించి వదిలారు, కానీ అప్పటికే రెండు నెలలు లోపలున్నాడు. మెట్ల దగ్గర నన్ను చూసి, “డప్పు బాగానే కొట్టినావప్పా” అన్నాడు.

కమలమ్మగారు పోయిన ఏడాది కన్నుమూశారు. ఆమె పంపిన ఆఖరి మెసేజ్ నా ఫోన్లో ఉంది. “కట్టలు తెచ్చినావా?” అంతే. రికార్డింగు ఆపడం మరిచిపోయినట్టున్నారు. తర్వాతంతా ఫ్యాను చప్పుడు, కాగితాలు, ఒక దగ్గు. ఒక్క సెకను కూడా కోయలేదు.