అవ్వ రాగంలో పంచశీల

నా చిన్నప్పుడు ఒక పున్నమి రోజు పక్కింటి అక్క మీద నిఘా వేశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. నిఘా పెట్టించింది మా అవ్వ.

ఆదోనిలో మా ముందుగదిలో ప్రతి పున్నమికీ బుద్ధుడి పటం దగ్గర వందన జరిగేది. తాతయ్య బౌద్ధ దీక్ష తీసుకున్నప్పుడు నేర్చుకొచ్చిన పాళీ పంచశీలను, అంటే ఆ అయిదు ప్రమాణాలను, జొన్నలు విసిరే పాట రాగంలోకి అవ్వ మలుచుకుంది. అర్థం ఎవరూ అడగలేదు. తాతయ్య పోయాక కొద్దిమంది ముసలివాళ్లే మిగిలారు. ఇలాగైతే వందన ఆగిపోతుందని అవ్వ దిగులు.

రోజూ ఎమ్మిగనూరు వెళ్లి ఉద్యోగం చేస్తూ మా పక్కింట్లో అద్దెకున్న అక్క, ప్రతి వాక్యం వెనక తెలుగు కూడా చెబితే చిన్నవాళ్లు వస్తారంది. అవ్వకు అనుమానం పట్టుకుంది. ఈరోజు తెలుగు చేర్చే మనిషి రేపు పాళీ తీసేస్తుంది, ఎల్లుండి తాతయ్య గుర్తే ఉండదు. పైగా అక్క అవ్వ గొంతును ఫోనులో రికార్డు చేసుకుంది.

"తప్పులు పట్టనీకే. పోయి ఆ యమ్మ ఏం జేస్తాదో సూసి రాపో" అంటూ అవ్వ నన్ను తోలింది.

అక్క ఇంటి తలుపు పక్కన నిలబడ్డాను. అక్క ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వింటూ నవ్వుకుంటోంది. ఎగతాళి అనుకుని ఒళ్లు మండింది. అంతలో తానే గొంతెత్తింది. తెలుగు మాటలు, అవ్వ రాగం. చివర మలుపు దగ్గర గొంతు జారిపోతోంది. నన్ను చూసి, ఎందుకొచ్చావని అడగకుండా, ఆ మలుపు నేర్పమంది. తిరగలి పిడి పట్టుకున్నట్టు చెయ్యి తిప్పుతూ పాడాను. తనూ తిప్పింది.

ఈ మాట చెప్తే అవ్వ నమ్మలేదు. తన చెవులతో వింటేగాని తేల్చనంది. ఆ సాయంత్రం తాను పాళీలో ఒక్కో శీలం చెప్తుంటే, అక్క వెనకే తెలుగులో అందుకుంది. మత్తు పానీయాలు ముట్టనన్న అయిదో శీలం దగ్గర, రోజూ తాగే మా వీధి పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"ఇన్నేండ్లు నాతో సెప్పిచ్చింది ఇదా వదినా?"

"ఇదే మరిదీ. అర్థమైంటే వస్తాంటివా?"

అందరూ నవ్వారు. అవ్వ మాత్రం అక్కవైపు తిరిగి, పాళీ ముందర, తెలుగు వెనక అని గట్టిగా చెప్పింది. తర్వాతి పున్నమికి పెద్దాయన కోడలు పిల్లలతో సహా వచ్చి ముందు వరుసలో కూర్చుంది, మామ నోట అయిదోది వినడానికి.

ఇప్పుడు వందన నేనే చెప్పిస్తున్నాను. ఎవరైనా కొత్త పద్ధతి తెస్తే ముందు అనుమానమే వస్తుంది. అయినా కూర్చోబెట్టి వింటాను. బదిలీ అయి వెళ్లేరోజు బస్సు కిటికీలోంచి అక్క అన్న మాటే దానికి కారణం:

"నన్ను అనుమానించినట్టే రేపు వచ్చేవాళ్లనీ అనుమానించు. రాగం నేర్పకుండా మాత్రం ఎవర్నీ పంపకు."