మూడు డబ్బాల అల్లుడు

మా అల్లుడు పుట్టి బుద్ధెరిగాక నెగ్గిన గొడవ ఒక్కటే. అది మా ముందుగదిలో, నా కళ్ళెదుట, ఫోన్ స్పీకర్లో జరిగింది.

అవతల అతని మేనేజరు. రక్తపరీక్షల ల్యాబులకి కంప్యూటరు ప్రోగ్రాంలు చేసిపెట్టే కంపెనీ వాళ్ళది. "పాత కంప్యూటర్లున్న ల్యాబుల్ని వదిలేద్దామయ్యా. మన ప్రోగ్రాం ఇక కొత్త సిస్టంలోనే నడుస్తుందని చెప్పేద్దాం. కావాలంటే కొత్తవి కొనుక్కుంటారు."

మామూలుగా అయితే మావాడు "సరే సార్" అని తల గోక్కుంటాడు. గోక్కోవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు, అది వేరే సంగతి. ఆరోజు మాత్రం లేచి నిలబడ్డాడు.

"కంప్యూటరు మారిస్తే దానికి తగిలించిన రక్తపరీక్ష మిషనూ మార్చాలి సార్. మా వీధిలో ల్యాబు పెట్టుకున్నావిడ తలుపులు మూసుకోవాల్సిందే. చెప్పు పట్టలేదని కాలు కోసుకోమంటారా?"

మేనేజరు కాస్త దిగొచ్చాడు. "సరే, పాతదాంట్లో నడిపించి చూపించు. శుక్రవారం దాకా ఆగుతా."

ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూలబడ్డాడు. నేనే కాఫీ ఇచ్చాను. నెలనెలా ఆ ల్యాబులోనే నా షుగరు చూపించుకుంటాను మరి. ఆవిడ సూది పోటుకి ప్రాణం పోయినంత పనవుతుంది గానీ, లెక్క మాత్రం తప్పదు.

మావాడి బల్ల మీద మూడు కంప్యూటరు డబ్బాలుంటాయి. ఒకటి కొత్తది, ఒకటి నడివయసుది, ఒకటి నాలాంటిది. మూడింటి లోపలా మూడు కాలాల ఆపరేటింగ్ సిస్టంలు. ఒకే ప్రోగ్రాం మూడింట్లోనూ తయారవ్వాలి. అందుకు ప్యాకేజ్ మేనేజర్ అనేదొకటి ఉందట. నాకర్థమైనంత వరకు అదొక మంచి గుమాస్తా. ఏ సామాను కావాలో, ఏ ఏటిదో చీటీ రాసిస్తే సరిగ్గా అదే తెచ్చిపెడుతుంది. దానికి తోడు ఇంకేమైనా కావాల్సొస్తే వాటినీ లాక్కొస్తుంది. చీటీలో లేనిది మాత్రం చచ్చినా తేదు.

బుధవారానికి మూడింట్లోనూ నడిచింది. అల్లుడుగారు ఈల వేసుకుంటూ ఆఫీసుకి వెళ్ళాడు. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఇంట్లో నడిచింది అత్తయ్యగారూ. అక్కడ ఖాళీ పాత కంప్యూటర్లో అదే చీటీ పెడితే చతికిలబడింది."

"చీటీలో ఏదో రాయడం మర్చిపోయుంటావు."

"నాలుగుసార్లు చూశానండీ!"

"నువ్వు చూస్తే ఏం కనబడుతుంది నాయనా? వంటావిడని కూర ఎలా చేశావంటే అన్నీ చెప్తుంది, ఉప్పు తప్ప. అది ఆవిడ చెయ్యి వేస్తుంది, నోటికి తెలీదు."

అల్లుడు నా వంక అదోలా చూశాడు. గురువారం పొద్దున్నే తన పాత కంప్యూటరు మొత్తం తుడిచేసి, చీటీని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. చీటీలో ఉన్నది ఉన్నట్టే కొట్టాలి, తను చెయ్యి పెట్టబోతే ఆపాలి అన్నాడు. నా చదువు రెండో తరగతి. ఇంగ్లీషు అక్షరం నాకు బొమ్మతో సమానం. బొమ్మకి బొమ్మ పోల్చి మీట నొక్కాను. గంటన్నర పట్టింది. మధ్యలో అతని చెయ్యి రెండుసార్లు కీబోర్డు మీదికొచ్చింది. రెండుసార్లూ చేతిలో ఉన్న గరిటెతో ఒకటిచ్చాను.

ఏడో వరసలో తెర నిండా ఎర్ర గీతలు.

"ఇక్కడ ఆగకూడదే..." అని నసిగి, అంతలోనే నెత్తి కొట్టుకున్నాడు. "రెండేళ్ళ కిందట ఓ ముక్క చీటీలో రాయకుండా చేత్తో తెచ్చి ఈ కంప్యూటర్లో పడేశానండీ! దాని సంగతే మర్చిపోయా. తుడిచేసరికి అదీ పోయింది."

"ఉప్పు" అన్నాను.

ఆ ముక్కని చీటీలో చేర్చాడు. నేను మళ్ళీ మొదటినుంచీ కొట్టాను, ఈసారి ఆగలేదు. శుక్రవారం ఆఫీసులోనూ నడిచింది. ల్యాబావిడ ఇప్పటికీ నన్ను అంతే కసిగా గుచ్చుతోంది.

మొన్న మళ్ళీ కొత్త సిస్టం ఏదో వచ్చిందట. అల్లుడు నాలుగో డబ్బా మోసుకొచ్చి, గరిటె తనే తెచ్చి నా చేతిలో పెట్టి అడిగాడు.

"అత్తయ్యగారూ, వచ్చి కూర్చోండి. నాకు తెలిసిందేదీ మీకు చెప్పను. మీకు తెలిసిందేదీ దయచేసి చీటీలో కలపకండి."