దిక్సూచి బాబాయి తప్పిన దారి

మా వాణిజ్య శాఖలో దిక్సూచి బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దారి తప్పుతాడు. చేతులు కడుక్కొస్తానని లేచి, పై అంతస్తులో మత్స్యశాఖ సమీక్షలో కూర్చుని, రొయ్యల మీద సలహాలిచ్చి, టీ తాగి వచ్చిన ఘనుడు. అలాంటివాడికే మా డైరెక్టరు విదేశీ అతిథుల్ని హోటలుకి చేర్చే పని అప్పజెప్పాడు. మిగతావాళ్లకి ఎండలో తిరగడం ఇష్టం లేదు మరి.

ఈసారి అతిథులు సముద్రం అవతలి ద్వీపం నుంచి వచ్చారు. వాళ్లతో వ్యాపారం పెంచాలని మా రాష్ట్ర ప్రభుత్వం పెద్ద హోటల్లో సరుకుల ప్రదర్శన, ఒప్పందం ఏర్పాటు చేసింది. చెప్పులు కుట్టే ఆడవాళ్ల సంఘం తమకీ ఒక బల్ల ఇమ్మంది. నెలాఖరులోగా ఆర్డరు రాకపోతే వాళ్ల షెడ్డు మూతే. "హాలు అందం పాడవుతుంది," అన్నాడు డైరెక్టరు. ఫ్యాక్టరీల యజమానులకి మాత్రం అడక్కుండానే బల్లలు వేశారు. మా దగ్గర ప్రోత్సాహం అవసరం లేనివాళ్లకే ముందు అందుతుంది.

కారులో వెనక అతిథుల నాయకురాలు, పక్కన దుబాసీగా నేను. ముందు బాబాయి.

"హోటలు ఎడమకి సార్," అన్నాడు డ్రైవరు.

"నాకు నేర్పకు నాయనా. కుడికి తిప్పు."

"అటు చెప్పుల వీధి సార్."

"అలాగా? తిప్పు, చూద్దాం."

కారు ఆగిన చోట ఎదురుగా షెడ్డు. గుమ్మంలో ఆడవాళ్లు. లోపల బల్ల మీద చెప్పులు, పక్కన కుర్చీలు, మంచినీళ్లు.

"అయ్యో, మళ్లీ తప్పాను," అన్నాడు బాబాయి.

"దారి తప్పినవాళ్లకి కుర్చీలు ఎవరు వేసుంచారు బాబాయ్?" అన్నాను.

"మంచివాళ్లమ్మా, ఎవరొచ్చినా వేస్తారు. నువ్వు వాళ్ల మాటలు చెప్పు చాలు, నా సంగతెందుకు?"

నాయకురాలు ఒక జత తొడుక్కుని అటూ ఇటూ నడిచింది. "మా దగ్గర ఎప్పుడూ వానలే. చెప్పుల అడుగు అట్టలు ఊడిపోతాయి," అంది. నేను చెప్పానో లేదో, సంఘం పెద్దావిడ బకెట్లోంచి నీళ్లోడుతున్న చెప్పు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"నిన్నట్నుంచి నానుతోంది. బలంగా లాగమను."

లాగింది. ఊడలేదు. ఇంకోసారి లాగి నవ్వేసింది. తొడుక్కున్న జత మళ్లీ విప్పలేదు.

తిరిగి కారెక్కగానే బాబాయి, "పిండిమర పక్క సందు, ఆసుపత్రి వెనక గేటు, తర్వాత ఎడమ," అని గడగడా చెప్పేశాడు. ఇట్టే హోటలు వచ్చింది.

మెట్ల మీదే డైరెక్టరు. "మళ్లీ తప్పావా?"

"తప్పాను సార్."

నాయకురాలు కాలు ముందుకు చాపింది. "ఇవి మాకు కావాలి. ఒప్పందంలో రాయండి," అంది.

ఆ మాట నేను చెప్పగానే డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఎవరయ్యా కుట్టింది? ఎక్కడుంటారు?"

"తప్పిపోయి వెళ్లినవాణ్ణి, నాకేం తెలుసు సార్? డ్రైవరుకి తెలుసు. కారు పంపి వాళ్లనే పిలిపించండి. సంతకం పెట్టాల్సింది వాళ్లేగా."

సర్కారు కారు వెనక్కి తిరిగింది. బాబాయి కిటికీలోకి వంగి డ్రైవరుతో మెల్లగా అన్నాడు.

"ఈసారి సూటిగా పో నాయనా."