ఎర్రదానికి తెల్లబొట్టు

బోరిక్ పౌడర్‌కు వాసన ఉండదని చదువుకున్నవాళ్లు చెబుతారు. వాళ్లను నేను నమ్మను. మొన్న హబ్సిగూడలో మందుల దుకాణం దగ్గర నా ముందున్న పెద్దమనిషి డబ్బా మూత గట్టిగా ఉందా లేదా అని ఒక్కసారి తిప్పి చూశాడు. చిటికెడంత తెల్లటి పొగ లేచింది. అంతే, మెట్రో స్తంభాలు మాయమయ్యాయి, మూడు పదుల వయసు జారిపోయింది, నేను నిక్కరేసుకుని నాచారం సందులో క్యారంబోర్డు పక్కన మోకాళ్ల మీద కూచుని ఉన్నాను. వెనకున్నామె "అంకుల్, జర ముందుకు జరుగున్రి" అని రెండోసారి గదమాయిస్తేగానీ ఈ శతాబ్దంలోకి తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో మా నాచారంలో పొద్దు ఎంతయిందో గడియారం చెప్పేది కాదు, ముక్కు చెప్పేది. తెల్లవారితే బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి వెన్నవాసన, ఎండ ముదిరితే మందుల ఫ్యాక్టరీ నుంచి చేదు, పొద్దు గూకుతుంటే ఉప్పల్ రోడ్డు మిర్చిబజ్జీల బండి దగ్గర్నుంచి కాగిన నూనెవాసన. ఎండాకాలం మధ్యాహ్నాలు వట్టివేళ్ల కూలర్ కింద, ఉప్పూకారం అద్దిన మామిడిముక్కలు నములుతూ, చేతులు తుడుచుకున్నామని అబద్ధమాడి బోర్డును జిగురు చేసేవాళ్లం. వానాకాలం పౌడర్ గడ్డకడితే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆరబెట్టేవాళ్లం. దాంతో మా నాన్న ఆఫీసు ప్యాంటుకు ఎంత పౌడర్ పట్టేదంటే, ఆయన కుర్చీలో కూచుంటే జారి కిందపడేవాడని మా వీధిలో చెప్పుకునేవారు. ఆ చెప్పింది నేనే అనుకోండి.

ఈ ఆటకు మా ఇంట్లో మహారాణి మా మేనత్త సుగుణమ్మ. మౌలాలి కోడలు, నాచారంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. అన్నం తినే హాల్లో మూలకున్న బోర్డు మీద నేర్చుకుంది. అందరిలా చూపుడువేలితో కాక బొటనవేలితో కొట్టేది. ఆమె స్ట్రైకర్ వదిలితే మౌలాలి గుట్ట మీది దర్గా పావురాలన్నీ ఒక్కసారి లేచేవి. ఆమెకు సరైన జోడీ మా పైవాటాలో ట్యూషన్లు చెప్పుకునే వరలక్ష్మిగారు, గుంటూరు వైపావిడ. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ మా వసారాలో తలపడేవారు.

"బొటనవేలితో కొడితే అది క్యారమ్సా, గోలీలాటా అండీ సుగుణగారూ?"

"మీరు మాటల్తోనే సగం కాయిన్లు ఏస్తరు వదినా. చేతికి పనే వెట్టరు."

ఇట్లా ఉండగా ఒక్క క్రికెట్ కోసమే ఒక ఛానల్ వచ్చిందన్న వార్త మా కేబుల్ సత్తన్న చెవిన పడింది. సత్తన్న అంటే మాటలా! ఉప్పల్ చౌరస్తా నుంచి మౌలాలి గుట్ట మొదలు దాకా ప్రతి వేపచెట్టుకూ, ప్రతి కరెంటు స్తంభానికీ తన వైరు చుట్టి సామ్రాజ్యం స్థాపించినవాడు. రాత్రింబగళ్లు క్రికెటే చూపించే ఛానల్ పెట్టారంటే ఆయనకు నిద్ర పట్టలేదు. "క్రికెట్‌కు ఛానలుంటే క్యారమ్స్‌కు ఎందుకుండొద్దు? గల్లీకో బోర్డుంది, గ్రౌండ్ యాడుంది?" అని టీ కొట్టు దగ్గర సవాలు విసిరాడు. నవ్వినవాళ్లందరికీ ఒక పూట కేబుల్ పోయింది.

అలా పుట్టింది 'స్ట్రైకర్ టీవీ'. లోకంలో క్యారమ్స్ ఒక్కదానికే పుట్టిన మొట్టమొదటి ఛానల్ అదేనని నేను ఇప్పటికీ ఎవరితోనైనా పందెం కాస్తాను. ప్రారంభం దసరా రోజు. తొలి ప్రత్యక్ష ప్రసారం మా అత్తమ్మకూ వరలక్ష్మిగారికీ మధ్య పోటీ.

అత్తమ్మ అత్తగారు నర్సవ్వ ఒప్పుకోవడమే పెద్ద సంగతి. ఆమె మౌలాలి నుంచి కదలదు, కోడలు ఆడగా ఎన్నడూ చూడలేదు, క్యారమ్స్ అంటే పనిలేనోళ్ల ఆటని ఆమె నమ్మకం. ఆలోచించి ఆలోచించి ఒక్క షరతు పెట్టింది: "ఓడినా ఫికర్ లేదు. కానీ టీవీల ఇంటిపేరు ఎక్కుతది. తొండి గిట్ల ఆడి నా తలకాయ దించినవనుకో, మల్ల ఆ బోర్డు ముట్టద్దు." నర్సవ్వ నోట మాట వచ్చిందంటే మౌలాలిలో రైళ్లు కూడా ఆగి వినేవి. అందుకే దసరా పొద్దున పుట్టింటికి వచ్చిన అత్తమ్మ గారె ముక్క నోట పెట్టలేదు. పాలపిట్ట కనిపిస్తే దండం పెట్టుకుంది. బొటనవేలికి నూనె రాసుకుంది.

స్టూడియో అంటే సత్తన్న ఆఫీసు గదే. ఆట పైనుంచి కనిపించాలి కాబట్టి సీలింగు ఫ్యాను ఊడదీసి, ఆ కొక్కేనికి పెళ్లిళ్ల వీడియో కెమెరాను ఉయ్యాల తాళ్లతో వేలాడదీశాడు. ఆయుధపూజ కదా, కెమెరాకు బంతిపూల దండ. అందులోంచి ఒక పువ్వు రాలి బోర్డు మీద పడితే అదీ ప్రసారమైంది. మైకు పనిచేయలేదు. చప్పుడు లేకుండా చూపిస్తే బాగుండదని సత్తన్న పెళ్లి సన్నాయి క్యాసెట్టు పెట్టాడు. ఫ్యాను లేని ఆ గదిలో, కిటికీలకు వేలాడిన మా పిల్లల ఊపిర్ల ఆవిరిలో, సన్నాయి మోగుతుండగా, ఇద్దరు ఆడవాళ్లు చెరోపక్క కూచుని పోటీకి దిగారు. నాచారం నాచారమంతా జమ్మి సంగతి మరిచి టీవీల ముందు కూచుంది.

ఆట సరిసమానంగా నడిచి ఆఖరి బోర్డుకు వచ్చింది. అత్తమ్మవి తెల్లవి, వరలక్ష్మిగారివి నల్లవి. నల్లవాటి గుంపులో ఎర్రది ఇరుక్కుని ఉంది. ఎర్రదాన్ని వేస్తే వెంటనే తన కాయినొకటి వేయాలి, అప్పుడే అది దక్కుతుంది. ఎదుటివారి కాయిన్ పడితే మాత్రం చేయి వదిలేయాలి. మాకు పుట్టుకతో వచ్చిన రాజ్యాంగం అది. అత్తమ్మ బొటనవేలు వంగింది. ఎర్రది గుంపులోంచి జారి మూల పాకెట్‌లో పడింది. రెండో దెబ్బకు, మిగిలిన ఒక్క తెల్లదీ దాని వెనకే పడింది. ఆట ముగిసింది. వరలక్ష్మిగారు లేచి అత్తమ్మ చేతులు పట్టుకున్నారు. మా అరుపులకు కెమెరా ఉయ్యాలలా ఊగింది.

అప్పుడు ఫోన్ మోగింది. మౌలాలి కిరాణా కొట్టు నుంచి నర్సవ్వ. సత్తన్న రిసీవర్ చెవికి ఆనించక్కరలేకపోయింది, గదంతా వినబడింది.

"సత్తిగా! గా పోరికి జెప్పు. ఎదుటామె నల్లది ఏసి, చెయ్యి ఇడ్సకుంట మల్ల కొట్టింది. తొండి! నా కండ్లతోని సూసిన!"

వరలక్ష్మిగారు ఫోన్ లాక్కున్నారు. "అయ్యో పిన్నిగారూ, తొండి కాదండీ! ఆవిడ వేసింది ఎర్రదండీ!"

"ఎర్రదా? నా టీవీల ఎర్రది యాడుంది? అన్నీ నల్లయే ఉన్నయి. నువ్వు దాని దోస్తువు, గట్లనే అంటవు!"

అప్పుడు వెలిగింది మాకు. నర్సవ్వ ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆమె ఇంట్లోనేనా, సత్తన్న సామ్రాజ్యంలో సగం ఇళ్లలో అదే. వాటిలో ఎర్రదీ నల్లదీ కవలపిల్లలు. ఆఫీసులో కలర్ టీవీ పెట్టుకున్న చక్రవర్తికి ఆ సంగతే తట్టలేదు. ఫోన్ పెట్టగానే మళ్లీ మోగింది. ఇది ఉప్పల్ నుంచి, "తొండి!" అని. ఆ తర్వాత ఎవరో పేరైనా చెప్పలేదు, "తొండి!" అని అరిచి పెట్టేశారు.

సత్తన్న తల పట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకక్కా. నేను టీవీల రాసి ఏస్త, అది ఎర్రదే అని."

"మా అత్తకు చదువొస్తదా?" అంది అత్తమ్మ. తర్వాత కాయిన్లన్నీ మధ్యకు నెట్టింది. "మల్ల పేర్చు."

"గెలిచారు కదండీ, మళ్లీ ఎందుకూ?" అన్నారు వరలక్ష్మిగారు.

"గెలిచింది ఈ అర్రల. మౌలాలిల ఇంక గెల్వలే వదినా."

సత్తన్న బుగ్గలో పెట్టుకోబోతున్న పాన్‌ను అత్తమ్మ అందుకుంది, ఆకు విప్పింది, వేలికొసతో సున్నం తీసి కెమెరా కిందే ఎర్రదానికి నడినెత్తిన బొట్టు పెట్టింది. పాన్ పోగొట్టుకున్న ఆ త్యాగం గురించి సత్తన్న తర్వాత ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు.

మళ్లీ ఆడారు. వరలక్ష్మిగారు దయ తలచలేదు, తలిస్తే అత్తమ్మ ఊరుకునేదీ కాదు. నల్లవి ఒక్కొక్కటే పడిపోతూ వచ్చాయి. చివరికి బోర్డు మీద ఒక నల్లది, ఒక తెల్లది, తెల్లబొట్టు ఎర్రది మిగిలాయి. వరలక్ష్మిగారు ఎర్రదాన్ని కొడితే అది పాకెట్ అంచు దాకా వెళ్లి, లోపలికి తొంగిచూసి, నాకెందుకులే అన్నట్టు ఆగిపోయింది. అత్తమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది. బొటనవేలు వంచింది. బొట్టు పెట్టుకున్న ఎర్రది పెళ్లికూతురిలా పాకెట్‌లోకి దిగింది. దాని వెంట తెల్లది.

అందరం ఫోన్ వంకే చూస్తున్నాం. మోగింది. సత్తన్న ఎత్తాడు.

"పోయింది. బొట్టు వెట్టుకోని మరీ పోయింది. మంచిగ సూసిన." పక్కనెవరికో చెబుతున్నట్టు, "నా కోడలు," అంది. తర్వాత మామూలు గొంతుతో, "జల్ది ఇంటికి రమ్మను. గారెలు సల్లారుతున్నయి."

అత్తమ్మ అప్పుడు ఏడ్చింది. ఆమె మౌలాలికి బయల్దేరేలోపు జమ్మి పెట్టడానికి వచ్చినవాళ్లంతా ముందు ఆమె బొటనవేలిని చూసి, తర్వాత మా నాన్నను కౌగిలించుకుని అలాయిబలాయి తీసుకున్నారు. నేను బడి తెరిచాక నెల రోజులు నేలకు కాళ్లు ఆనించి నడవలేదు.

స్ట్రైకర్ టీవీ కొన్నేళ్లు బతికింది. తెలంగాణ వచ్చే నాటికి ఇంటింటికీ సెట్‌టాప్ డబ్బాలు వచ్చాయి, వేపచెట్ల మీది వైర్లు తెగి వేలాడాయి, సత్తన్న ఆఫీసు మొబైల్ ఫోన్ల దుకాణమైంది. నర్సవ్వ లేదు. వరలక్ష్మిగారు సైనిక్‌పురికి మారారు. బట్టల ఫ్యాక్టరీ గోడ కూలి అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. గడ్డిపోచ మీది మంచుబొట్టు కూడా కనిపించే టీవీలొచ్చాయి. వాటిలో ఏ ఆటకా ఆటకు ఛానళ్లున్నాయి. చూసేవాడు తొండి అని అరిస్తే ఎత్తడానికి మాత్రం ఫోన్ లేదు.

పోయిన వారం అత్తమ్మ మా ఇంటికొచ్చింది. క్రికెట్ నడుస్తోంది. బంతి బ్యాటుకు తగిలిందా లేదా అని అన్ని దిక్కుల నుంచీ తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

"ఏందిరా గది, ఒక్కటే సూపెడ్తున్నరు?"

"రీప్లే అత్తమ్మా."

బొటనవేలితో కళ్లజోడు పైకి తోసి కాసేపు చూసింది.

"ఇది మల్ల సూపెట్టుడు బిడ్డా," అంది. "మేం మల్ల ఆడినం."